అనాథాశ్రమాల నుంచి అమెరికా క్యాంపస్‌ల దాకా: ఇటాలియన్ కామిక్ ఒపెరా వెనక కథ

అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో బ్లూమింగ్టన్ అనే ఊరుంది. జనాభా లక్ష కూడా ఉండదు. అలాంటి చోట 1,400కు పైగా సీట్లతో పూర్తిస్థాయి ఒపెరా (పాటలతోనే సాగే సంగీత నాటకం) థియేటర్ నడుస్తోంది. అది ఇండియానా యూనివర్సిటీ సంగీత కళాశాలది. వేదిక మీద పాడేవాళ్లూ, కింద గోతిలాంటి చోట కూర్చుని వాయించే ఆర్కెస్ట్రావాళ్లూ దాదాపు అందరూ విద్యార్థులే. ఏటా కొత్త సీజన్ ప్రకటిస్తారు. ఏళ్ల తరబడి ఆ జాబితాలు చూసుకుంటూ పోతే కొన్ని పేర్లు మళ్లీ మళ్లీ తగులుతాయి: స్వరకర్తలు రొస్సీని 'బార్బర్ ఆఫ్ సెవిల్', దోనిజెట్టి 'ఎలిసిర్ దమోరె', 'దోన్ పస్క్వాలె', మొజార్ట్ 'ఫిగారో పెళ్లి'. ఈ ఒక్క చోటే కాదు, ఇంగ్లిష్ మాట్లాడే దేశాల్లో ఏ పెద్ద మ్యూజిక్ స్కూల్ తీసుకున్నా వరస ఇదే.

ఎందుకని అడిగితే సాధారణంగా వచ్చే జవాబు: జనానికి నవ్వు కావాలి, టికెట్లు అమ్ముడుపోతాయి. అబద్ధం కాదు గానీ అది సగం జవాబే. మిగతా సగం కోసం మూడు వందల ఏళ్ల కిందటి ఇటలీ నగరం నేపుల్స్ దాకా వెళ్లాలి. అక్కడికి వెళితే కామిక్ ఒపెరాకి విద్యార్థులు కొత్తగా చుట్టాలు కాలేదని, మొదటి నుంచీ ఇంట్లోవాళ్లేనని తెలుస్తుంది.

నేపుల్స్‌లో పేరున్న కన్జర్వేటరీలు, అంటే సంగీతం నేర్పే బళ్లు, నాలుగు. వాటిలో పాతదైన శాంత మరియా ది లోరెతో 1537లో మొదలైంది. ఇవి మొదట్లో సంగీత కళాశాలలు కావు, అనాథ పిల్లల ఆశ్రమాలు. పిల్లలకి తిండి, బట్ట, ఏదో ఒక పని నేర్పడం వాటి ఉద్దేశం. చర్చిల నగరం కాబట్టి ఆ పనుల్లో సంగీతానికి గిరాకీ బాగా ఉండేది. ఊరేగింపులకీ, శవయాత్రలకీ పిల్లల్ని పాడటానికి పంపేవారు, వచ్చిన డబ్బు ఆశ్రమానికి చేరేది. రాను రాను సంగీతమే ముఖ్యమైంది, ఫీజు కట్టి చేరే కుర్రాళ్లు వచ్చారు. 18వ శతాబ్దం నాటికి యూరప్ మొత్తానికి పాటగాళ్లనీ స్వరకర్తల్నీ సరఫరా చేసింది ఈ నాలుగు బళ్లే. చిమరోసా, పైసియెల్లో వీటిలోంచి వచ్చినవాళ్లే.

పెర్గోలేసి కూడా. అతను పోవెరి ది జెసు క్రిస్తో, అంటే 'యేసుక్రీస్తు పేదలు' అనే కన్జర్వేటరీ విద్యార్థి. 1731లో, చదువు ముగిసే దశలో, సెయింట్ గుగ్లియెల్మో జీవితం మీద ఒక భక్తి సంగీత నాటకం రాశాడు. ఒక మఠంలో దాన్ని తోటి విద్యార్థులే ప్రదర్శించారు. కథ ఒక పాపి మారి సన్యాసి కావడం. పక్కన దేవదూత, దెయ్యం ఉంటారు. ఇంత గంభీరమైన కథలో కెప్టెన్ కువోసెమో అనే పాత్ర ఒకటి దూరుతుంది. మిగతావాళ్లు చక్కటి సాహిత్య ఇటాలియన్‌లో పాడుతుంటే ఈయన మాత్రం నేపుల్స్ యాసలో జోకులేస్తాడు. మఠంలో పిల్లలు వేసిన భక్తి నాటకంలో కూడా నవ్వించే మనిషి లేకపోతే నేపుల్స్ జనానికి ముద్ద దిగేది కాదన్నమాట.

ఆ ఊళ్లో హాస్యానికి అప్పటికే ఒక థియేటర్ ఉంది. తియాత్రో దెయ్ ఫియొరెంతీని అనే చిన్న హాల్లో 1709 నుంచి నేపుల్స్ భాషలో హాస్య సంగీత నాటకాలు ఆడేవారు. పెద్ద హాళ్లలో ఆడే గంభీర ఒపెరాలో చక్రవర్తులు, పురాణ వీరులు ఉండేవారు. నాయకుల పాత్రలు గొంతు మగగొంతుగా మారకుండా చిన్నతనంలోనే శస్త్రచికిత్స చేయించుకున్న కాస్త్రాతోలు పాడేవారు. వాళ్ల పారితోషికాలు ఈనాటి స్టార్ హీరోలవి గుర్తుచేసే స్థాయిలో ఉండేవి. చిన్న హాలుకి అంత స్తోమత ఎక్కడిది? దొరికిన సహజమైన గొంతుల్తో పాడించారు. గంభీర ఒపెరాలో పెద్దగా పని లేని లోతైన బేస్ గొంతుకి ఇక్కడ పిసినారి ముసలాడి వేషం దొరికింది. గొంతు కాస్త అటూ ఇటూ అయినా నటన వచ్చినవాడికి చోటు దొరికింది. డబ్బు లేకపోవడం వల్ల చేసిన ఈ ఏర్పాటే తర్వాత ఆ కళకి లక్షణంగా స్థిరపడిపోయింది.

1733 సెప్టెంబర్ 5న నేపుల్స్‌లోని శాన్ బర్తొలొమెయో థియేటర్‌లో పెర్గోలేసి గంభీర ఒపెరా ఒకటి ఆడింది. దాని అంకాల మధ్య విరామంలో జనం లేచిపోకుండా రెండు భాగాల చిన్న హాస్య నాటిక వేశారు. పేరు 'లా సెర్వా పద్రోనా', యజమానురాలైన పనిపిల్ల. పెళ్లికాని ముసలాయన ఉబెర్తో, ఆయన్ని చెప్పుచేతల్లో పెట్టుకున్న పనిపిల్ల సెర్పీనా, నోరు విప్పని నౌకరు వెస్పోనె. పాడేది ఇద్దరే. వాద్యాలు కొన్ని తీగలవీ, పియానోకి ముందుతరం వాద్యమైన ఒక హార్ప్సికార్డూ. మొత్తం ముప్పావు గంట. ఆ రాత్రి ప్రధాన ఒపెరా పేరు ఇవాళ పరిశోధకులకి తప్ప ఎవరికీ పట్టదు, ఇంటర్వెల్ నాటిక మాత్రం బతికిపోయింది. పెర్గోలేసి 26 ఏళ్లకే, 1736లో చనిపోయాడు. 1752లో ఒక ఇటాలియన్ బృందం ఇదే నాటికని పారిస్‌లో ఆడితే ఫ్రెంచ్ సంగీతం గొప్పా ఇటాలియన్ గొప్పా అని మేధావులు రెండు జట్లుగా విడిపోయి కరపత్రాలు వేసుకున్నారు. ఇటలీ జట్టులో తత్వవేత్త రూసో ఉన్నాడు. చేతిలో డబ్బులేని కాలేజీలు ఇప్పటికీ ఈ నాటికని వెతుక్కుంటూ వస్తాయి. ఇద్దరు గాయకులు, ఒక కుర్చీ చాలు.

నేపుల్స్ యాస దాటి ఈ కళ వెనీస్ చేరాక ఇంకో మార్పు వచ్చింది. నాటకకర్త గోల్దోని, స్వరకర్త గలుప్పి కలిసి అంకం చివర్లో అందరూ కలిసి పాడే ఘట్టాన్ని బాగా పెంచారు. గంభీర ఒపెరాలో ఒకరు వచ్చి పాట పాడి, చప్పట్లు కొట్టించుకుని వెళ్లిపోవడం పద్ధతి. ఇక్కడ అలా కాదు. గొడవ మొదలవుతుంది, తలుపు తెరుచుకుని ఇంకొకరు వస్తారు, గొడవ ముదురుతుంది, మరొకరు వస్తారు, పాట ఆగదు. దీన్ని శిఖరానికి తీసుకెళ్లింది మొజార్ట్. 1786 నాటి 'ఫిగారో పెళ్లి' రెండో అంకం చివర ఇద్దరితో మొదలైన గొడవ ఏడుగురు కలిసి పాడటంతో ముగుస్తుంది. సుమారు 20 నిమిషాలు సంగీతం తెగదు. సంగీతం నేర్పేవాళ్లకి ఇంతకన్నా మంచి పాఠం దొరకదు. ఎవరి గొంతు వాళ్లు చూసుకుంటే కుదరదు. పక్కవాడు ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నాడో వినాలి, ఆర్కెస్ట్రాని నడిపించే కండక్టర్ వైపు ఓరకంట చూడాలి, అదే సమయంలో కోపం నటించాలి.

చిమరోసా 'రహస్య వివాహం' సంగతి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. 1792 ఫిబ్రవరిలో వియన్నాలో మొదటిసారి ఆడినప్పుడు చక్రవర్తి రెండో లియోపోల్డ్‌కి ఎంత నచ్చిందంటే, అందరికీ భోజనాలు పెట్టించి మొత్తం ఒపెరా మళ్లీ మొదటి నుంచి ఆడించాడని చెబుతారు. మన పద్య నాటకాల్లో 'వన్స్ మోర్' అంటే ఒక్క పద్యానికే.

'ఫిగారో'కి సాహిత్యం రాసిన లొరెంజో ద పోంతే జీవితం ఒక ఒపెరాకి సరిపోతుంది. వెనీస్ దగ్గర ఒక యూదు కుటుంబంలో పుట్టాడు, క్రైస్తవంలోకి మారి ఫాదరయ్యాడు, వ్యవహారాలు బయటపడి వెనీస్ నుంచి బహిష్కరణకి గురయ్యాడు. వియన్నాలో మొజార్ట్‌కి 'ఫిగారో', 'దోన్ జొవాన్ని', 'కొసీ ఫాన్ తుత్తె' రాసిచ్చాడు. లండన్‌లో అప్పుల పాలై 1805లో అమెరికాకి పారిపోయాడు. అక్కడ కిరాణా కొట్టు నడిపాడు, పుస్తకాలు అమ్మాడు, పిల్లలకి ఇటాలియన్ ప్రైవేట్లు చెప్పాడు. చివరికి 1825లో న్యూయార్క్‌లోని కొలంబియా కాలేజీ ఆయన్ని తన మొదటి ఇటాలియన్ ప్రొఫెసర్‌గా నియమించింది. జీతం లేదు, విద్యార్థులు ఇచ్చే ఫీజే. అదే ఏడాది నవంబర్ 29న మాన్యుయెల్ గార్సియా బృందం న్యూయార్క్ పార్క్ థియేటర్‌లో 'బార్బర్ ఆఫ్ సెవిల్'ని ఇటాలియన్‌లో ఆడింది. ఆ దేశం చూసిన మొదటి ఇటాలియన్ భాషా ఒపెరా అదే. హీరోయిన్ రొసీనాగా గార్సియా కూతురు మరియా పాడింది, వయసు 17. మరుసటి ఏడు ఆ బృందం 'దోన్ జొవాన్ని' ఆడేదాకా ద పోంతే ఊరుకోలేదు. అంటే అమెరికన్ యూనివర్సిటీకీ ఇటాలియన్ కామిక్ ఒపెరాకీ తొలి ముడి వేసింది సాక్షాత్తూ ఆ ఒపెరాలు రాసిన మనిషే.

కానీ ఆ ముడి బిగియడానికి వందేళ్లు దాటింది. యూనివర్సిటీలు సంగీతాన్ని శాస్త్రంగా, చరిత్రగా పాఠం చెప్పాయి తప్ప పాడటం వాయించడం డిగ్రీకి తగిన పనిగా చూడలేదు. హార్వర్డ్ 1875లో సంగీతానికి ప్రొఫెసర్‌ని పెట్టింది గానీ గొంతు సాధనకి కాదు. ఆ పని విడిగా ఉండే కన్జర్వేటరీలది. యూరప్‌లో మాత్రం పిల్లల చేత ఆడించే పాత అలవాటు పోలేదు. 1811లో బెర్గమోలో సిమోనె మాయర్ అనే గురువు పేద పిల్లల కోసం నడిపే సంగీత బడిలో 'చిన్నారి స్వరకర్త' అనే హాస్య నాటిక వేయించాడు. అందులో పిల్లలు తమ పాత్రలు తామే వేశారు. ప్రధాన పాత్రధారికి 13 ఏళ్లు. గొంతు బాగాలేదని బడిలో అతని చోటు ఊగిసలాడుతుంటే, వీడిలో ఉన్న ప్రతిభ వేరని ఊరికి చూపించడానికే గురువు దాన్ని రాశాడు. ఆ పిల్లాడు గయెతానో దోనిజెట్టి. 'ఎలిసిర్ దమోరె' 1832లో, 'దోన్ పస్క్వాలె' 1843లో రాశాడు. ఇవాళ కాలేజీలు దోనిజెట్టిని ఆడటం నాకు అప్పు తీర్చుకున్నట్టే అనిపిస్తుంది.

అమెరికా క్యాంపస్‌ల దశ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తిరిగింది. 1944 చట్టం కింద మాజీ సైనికుల చదువు ఖర్చు ప్రభుత్వం పెట్టుకోవడంతో కాలేజీలు నిండిపోయాయి. హిట్లర్ దెబ్బకి యూరప్ వదిలి వచ్చిన కండక్టర్లు, దర్శకులు ఉద్యోగాల కోసం చూస్తున్నారు. ఇండియానాకి 1947లో డీన్‌గా వచ్చిన విల్ఫ్రెడ్ బెయిన్ ఈ రెండింటినీ కలిపాడు. ఆయన వచ్చిన మరుసటి ఏడాదే ఒపెరా ప్రదర్శనలు మొదలయ్యాయి. దర్శకుల్లో ఒకరైన హాన్స్ బుష్ ప్రసిద్ధ జర్మన్ కండక్టర్ ఫ్రిట్జ్ బుష్ కొడుకు. పాత హాలు 1968లో కాలిపోయింది, ఇప్పుడున్న పెద్ద థియేటర్ 1972లో తెరిచారు. జర్మనీలో ఒక మాదిరి నగరానికి కూడా ప్రజల సొమ్ముతో నడిచే ఒపెరా హౌస్, అందులో నెల జీతం మీద గాయకులు ఉంటారు. కొత్తవాళ్లు అక్కడ చిన్న వేషాలతో పని నేర్చుకుంటారు. అమెరికాలో ఆ మెట్టు లేదు. ఆ ఖాళీని యూనివర్సిటీలు పూరించాయి.

పూరించాలంటే ఏం ఆడాలి? విద్యార్థుల వయసు ఇరవైకి అటూ ఇటూ. వాగ్నర్, వెర్ది విషాద పాత్రలు ఆ వయసు గొంతు మీద మోపితే గొంతు పోతుంది. మొజార్ట్, రొస్సీని ఆర్కెస్ట్రా చిన్నది, దాని మీద అరవక్కర్లేదు. అలాగని ఇవి తేలిక అనుకుంటే పొరపాటు. రొస్సీని పాటలో గమకాల వేగానికి గొంతు చాకులా తిరగాలి. మాటలు వడగళ్లలా కురిసే బఫో (హాస్య పాత్ర) పాటలో ఒక్క అక్షరం మింగినా నవ్వు రాదు. పాటల మధ్య హార్ప్సికార్డ్ తోడుగా సాగే మాటల్లాంటి భాగం, రెసిటేటివ్, ఇంకా కష్టం. భాష పూర్తిగా అర్థం కాకపోతే అది వల్లెవేసినట్టు వినిపిస్తుంది.

ఇంకో లెక్క ఉంది, దాన్ని బయట పెద్దగా చెప్పరు. ఏ మ్యూజిక్ స్కూల్లోనైనా సోప్రానోలు (పై స్థాయి ఆడగొంతులు) కోకొల్లలు, టెనర్లు (పై స్థాయి మగగొంతులు) కరువు. 'ఫిగారో'లో పేరున్న పాత్రలు 11. వాటిలో కుర్రాడి వేషంతో కలిపి అయిదు అమ్మాయిలు పాడేవే. పుచ్చీని ఏకాంక హాస్యం 'జన్ని స్కిక్కి'కి జతగా అందరూ స్త్రీలే ఉండే 'సువోర్ ఆంజెలిక' వేయడంలో కూడా ఈ లెక్క ఉంటుంది. అయినా సరిపోక రెండు జట్లని తయారుచేసి రోజు మార్చి రోజు ఆడిస్తారు. వేషం దొరకని పిల్లలు కోరస్‌లోనో, తెర వెనకో ఉంటారు. ఏ జట్టులో ఎవరున్నారన్న లిస్టు బయటికొచ్చే రోజు టెన్షన్ ఏ కాలేజీలోనైనా ఒకటే.

కథల విషయంలో ఈ మధ్య క్యాంపస్‌లకి కొత్త తలనొప్పి మొదలైంది. 'కొసీ ఫాన్ తుత్తె' అంటేనే ఆడవాళ్లంతా ఇంతే అని. రొస్సీని 'అల్జీర్స్‌లో ఇటాలియన్ అమ్మాయి'లో ముస్లిం పాలకుడు ఒట్టి వెర్రిబాగులవాడు. ఇరవై ఏళ్ల పిల్లలు వీటిని అలాగే ఆడాలా, మార్చాలా? కొందరు దర్శకులు కాలం, దేశం మార్చేస్తారు. నా మటుకు, మార్చేముందు సంగీతం ఏం చెబుతోందో వినాలంటాను. 'దోన్ పస్క్వాలె' మూడో అంకంలో భార్యగా నటిస్తున్న నొరీనా ముసలాయన చెంప మీద కొడుతుంది. అప్పటిదాకా పడి పడి నవ్విన చోట సంగీతం ఒక్కసారిగా దిగులు స్వరంలోకి జారిపోతుంది, కొట్టిన పిల్ల కూడా అయ్యో అనుకుంటుంది. దోనిజెట్టి ఆ ముసలాయన్ని ఉత్త బొమ్మలా చూడలేదు. పేరున్న ప్రదర్శనల్లో కూడా ఆ చెంపదెబ్బని నవ్వుకే వాడేసి దాటిపోవడం చూస్తుంటాం.

ఏ భాషలో పాడాలన్న తగువు మాత్రం దాదాపు తీరిపోయింది. యుద్ధం తర్వాతి తరంలో బోరిస్ గోల్దోవ్‌స్కీ లాంటి గురువులు జనానికి అర్థం కావాలని ఇంగ్లిష్ అనువాదాల వైపు నిలబడ్డారు, కాలేజీలూ చాలావరకు అదే దారిలో నడిచాయి. 1983 జనవరిలో టొరంటోలో కెనడియన్ ఒపెరా కంపెనీ వేదిక పైన తెర మీద అనువాదం చూపించడం మొదలుపెట్టింది. కొన్నేళ్లలో ఆ పద్ధతి అంతటా పాకింది, విద్యార్థులు మళ్లీ ఇటాలియన్‌కి వచ్చేశారు. దానితో హాస్యానికి మాత్రం ఒక చిక్కు వచ్చిపడింది. అనువాదం ఒక్క క్షణం ముందు పడితే గాయకుడు నోరు తెరవకముందే హాలంతా నవ్వేస్తుంది, అసలు మాట ఆ నవ్వులో కలిసిపోతుంది. అందుకే స్వరలిపి చదవగలిగిన ఒక మనిషి ఒపెరా స్కోరు (స్వరాలు రాసిన పుస్తకం) ముందేసుకుని, ఒక్కో పంక్తిని గాయకుడి ఊపిరిని బట్టి తెర మీదికి వదలాలి. చాలా కాలేజీల్లో ఆ పని కూడా ఒక విద్యార్థి చేతిలోనే ఉంటుంది.