అపార్ట్‌మెంట్లలో మార్చి బాస్కెట్‌బాల్ పోటీలు: అపోహలు - వాస్తవాలు

ఉత్తర కరోలైనాలోని కేరీ, మోరిస్‌విల్ ప్రాంతాల్లో మార్చి నెల వచ్చిందంటే అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లలో మాటలన్నీ కాలేజీ బాస్కెట్‌బాల్ చుట్టూనే తిరుగుతాయి. డ్యూక్, యూఎన్‌సీ (ఉత్తర కరోలైనా విశ్వవిద్యాలయం) మధ్య దూరం పది మైళ్లకు అటూ ఇటూగా ఉంటుంది. మరో విశ్వవిద్యాలయం ఎన్‌సీ స్టేట్ పక్కనే రాలీలో ఉంది. ఒకే మెట్ల దారిలో మూడు జట్ల జెండాలు కనబడే ఈ చోట తెలుగు కుటుంబాలు కూడా పెద్ద సంఖ్యలోనే ఉన్నాయి. ఇక్కడి ఒక సముదాయంలో నివాసుల కార్యక్రమాలు, నెలవారీ న్యూస్‌లెటర్ చూసుకోవడం నా ఉద్యోగం. ఏటా బ్రాకెట్ పోటీ (టోర్నమెంటులో ఎవరు గెలుస్తారో ముందే ఊహించి రాసే పోటీ) పెట్టే సమయానికి నివాసుల నుంచి, కొత్తగా చేరిన సిబ్బంది నుంచి వినబడే అపోహలను, వాటి వెనుక ఉన్న వాస్తవాలను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఆట తెలిసినవాళ్లే బ్రాకెట్ నింపగలరు.

వాస్తవం: అమెరికా కాలేజీ క్రీడలను నిర్వహించే సంస్థ ఎన్‌సీఏఏ పురుషుల టోర్నమెంటు 2011 నుంచి 68 జట్లతో జరుగుతూ వస్తోంది. ఒహాయోలోని డేటన్‌లో జరిగే నాలుగు తొలి మ్యాచ్‌ల తరువాత 64 జట్లు మిగులుతాయి. ఓడిన జట్టు ఇంటికి పోతుంది, గెలిచిన జట్టు ముందుకు పోతుంది. ఆ 64 జట్లలో ఒక్కటి మిగిలేదాకా జరిగే 63 మ్యాచ్‌లలో ఎవరు గెలుస్తారో ముందే రాసి ఇవ్వడమే బ్రాకెట్. 63 మ్యాచ్‌లనూ తప్పు లేకుండా ఊహించిన బ్రాకెట్ ఇంతవరకు ధృవీకరణతో నమోదు కాలేదు. 2019లో ఒహాయోకు చెందిన ఒక వ్యక్తి మొదటి 49 మ్యాచ్‌లను సరిగ్గా చెప్పడమే ఇప్పటికీ గొప్పగా చెప్పుకునే విషయం. సాధ్యమయ్యే బ్రాకెట్ల సంఖ్య 19 అంకెలది కాబట్టి ఇందులో పాండిత్యానికి ఒక హద్దు ఉంది. మొదటి సీడ్ (టోర్నమెంటుకు ముందు బలాన్ని బట్టి ఇచ్చే వరుస సంఖ్య) జట్టు 16వ సీడ్ చేతిలో ఓడిపోదని అందరూ నమ్ముతున్న కాలంలో, 2018లో 16వ సీడ్ యూఎంబీసీ (మేరీలాండ్‌లోని ఒక విశ్వవిద్యాలయ జట్టు) మొదటి సీడ్ వర్జీనియాను 74-54 తేడాతో ఓడించింది. 2023లో అలాగే 16వ సీడ్ ఫెయిర్‌లీ డికిన్సన్ మొదటి సీడ్ పర్డ్యూను ఇంటికి పంపింది. అలాగని అంతా గుడ్డి లెక్క అని కాదు. అయిదో సీడ్‌తో ఆడే పన్నెండో సీడ్ సుమారు మూడింట ఒకసారి గెలుస్తుంది, ఎనిమిది, తొమ్మిది సీడ్ల మధ్య పోటీ దాదాపు సమానం. ఈ రెండు ముక్కలు తెలిస్తే కొత్తవారు కూడా ధైర్యంగా కలం పట్టవచ్చు. తెనాలి నుంచి కూతురి దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన ఆఫీసు కౌంటరు దగ్గర కాగితం బ్రాకెట్ నింపుతూ, "ఈ పన్నెండో నంబరు వాళ్లు అయిదో నంబరు వాళ్లని కొడతారంటావా అమ్మా?" అని ప్రతి గడి దగ్గరా అడిగారు. ఆయన అడగడం విని వరుసలో నిలబడ్డ ఇద్దరు అమెరికన్ కుర్రాళ్లు సలహాలు చెప్పడానికి ముందుకు వచ్చారు. మా పోటీకి కావలసినది అదే. ఇలాంటివారి కోసమే నియమాల్లో "లీజులో పేరున్నవారు, వారింట్లో బస చేస్తున్న బంధువులు" అని స్పష్టంగా రాయాలి, లేకపోతే బహుమతి వచ్చిన రోజున తగువు తప్పదు.

అపోహ: మార్చి మొదటి తేదీ న్యూస్‌లెటర్‌లో ఒక ప్రకటన వేస్తే సరిపోతుంది.

వాస్తవం: పోటీలు చప్పగా ముగియడానికి నేను చూసిన ప్రధాన కారణం ఇదే. ఏ జట్టు ఎవరితో ఆడుతుందో సెలెక్షన్ సండే (టోర్నమెంటు జట్లను ప్రకటించే ఆదివారం) నాటి సాయంత్రం వరకు ఎవరికీ తెలియదు. ఆ తరువాతి గురువారం మధ్యాహ్నం పన్నెండు దాటిన కాసేపటికి మొదటి రౌండు మొదలవుతుంది, బ్రాకెట్లు మూతపడతాయి. అంటే నింపడానికి ఉన్న వ్యవధి నాలుగు రోజులకు లోపే. నెల మొదట్లో వచ్చిన ప్రకటన చదివినవారు "తరువాత చూద్దాం" అనుకుని మరచిపోతారు. అందువల్ల న్యూస్‌లెటర్‌లో తేదీలు, నియమాలు మాత్రమే చెప్పి, సోమవారం ఉదయం రెసిడెంట్ పోర్టల్‌లో లింకు, మెయిల్‌బాక్సుల దగ్గర కాగితం బ్రాకెట్లు, బుధవారం సాయంత్రం గుర్తు చేసే ఒక చిన్న సందేశం పెట్టాలి. ఆ సందేశంలో వర్ణనలు వద్దు; "బ్రాకెట్లు గురువారం ఉదయం 11 గంటలకు మూసివేస్తాము. ఒక్కొక్కరికి ఒకటే. రుసుము లేదు. కాగితం నింపినవారు ఆఫీసు తలుపు పక్కనున్న పెట్టెలో వేయండి" అని ఇంతే రాస్తే జనం చదువుతారు. గడువును ఆట మొదలయ్యే క్షణానికి కాకుండా గంట ముందుకు పెట్టడం వల్ల, ఆఖరి నిమిషంలో పెట్టె దగ్గరికి పరుగెత్తుకొచ్చే నలుగురి మనసు నొప్పించకుండా పని గడుస్తుంది.

అపోహ: రాష్ట్రంలో పందేలు చట్టబద్ధమయ్యాయి కనుక తలా అయిదు డాలర్లు వసూలు చేయవచ్చు.

వాస్తవం: ఉత్తర కరోలైనాలో 2024 మార్చి 11న ఆన్‌లైన్ క్రీడా పందేలు మొదలైన మాట నిజమే. ఆ అనుమతి లైసెన్సు పొందిన సంస్థలకు ఇచ్చినది. లీజింగ్ ఆఫీసుకు దానితో సంబంధం లేదు. చెల్లించిన సొమ్ము, అదృష్టం మీద ఆధారపడిన ఫలితం, బహుమతి అనే మూడూ కలిసినచోట జూదం ప్రశ్న పుడుతుంది. వాటిలో మనం సులభంగా తీసివేయగలిగినది చెల్లింపు ఒక్కటే. ప్రవేశం ఉచితం అని మొదటి వరుసలోనే రాస్తాము. అద్దె సకాలంలో కట్టినవారికి అదనపు బ్రాకెట్ ఇవ్వాలనే ఆలోచన కూడా అప్పుడప్పుడు వస్తుంది. అది దొడ్డిదారిన చెల్లింపును తీసుకురావడమే కాబట్టి నేను ఒప్పుకోను. నివాసులు తమలో తాము పెట్టుకునే పందేలకు న్యూస్‌లెటర్‌లో చోటు ఇవ్వకూడదు.

అపోహ: ఈ టోర్నమెంటును పిలిచే మార్చి మ్యాడ్‌నెస్ అనే పేరు అందరిదీ.

వాస్తవం: ఆ పేరు, ఫైనల్ ఫోర్ (చివరి నాలుగు జట్ల దశ), ఎలైట్ ఎయిట్ (చివరి ఎనిమిది జట్ల దశ) వంటి పేర్లు ఎన్‌సీఏఏ వాడే నమోదిత ట్రేడ్‌మార్కులు, వ్యాపార ప్రచారాల్లో వాటి వాడకాన్ని ఆ సంస్థ గట్టిగా పట్టించుకుంటుంది. ఖాళీ ఫ్లాట్ల అద్దె తగ్గింపు ప్రకటన మీద ఆ పేరు వేయడం కోరి తెచ్చుకునే తలనొప్పి. "మన బ్రాకెట్ పోటీ" అని రాసినంత మాత్రాన ఎవరి ఉత్సాహమూ తగ్గలేదు.

అపోహ: బహుమతి పెద్దదైతే జనం వస్తారు.

వాస్తవం: పెద్ద బహుమతికి పెద్ద అనుమానాలు తోడుగా వస్తాయి. గెలుచుకున్న బహుమతి ఆదాయపు పన్ను దృష్టిలో ఆదాయమే. నెల అద్దె మాఫీ వంటివి ప్రకటిస్తే లెక్కలు, సంతకాలు, ఫిర్యాదులు అన్నీ పెరుగుతాయి. నా అనుభవంలో ఒక నెల పాటు క్లబ్‌హౌస్ తలుపు దగ్గరి పార్కింగ్ స్థలం ఇస్తామంటే కలిగే ఆసక్తి గిఫ్టు కార్డుకు కలగదు. వికలాంగులకు కేటాయించిన స్థలాలను మాత్రం ఈ లెక్కలోకి తేకూడదు. చిట్టచివరి స్థానంలో నిలిచినవారికి కూడా ఏదో ఒక సరదా బహుమతి ఉంచితే, మొదటి వారాంతంలోనే బ్రాకెట్ చెడిపోయినవారు ఆఖరు వరకు మనతో ఉంటారు.

అపోహ: మొదటి వారంలో బ్రాకెట్ దెబ్బతింటే ఇక చేసేదేమీ లేదు.

వాస్తవం: వాడుకలో ఉన్న లెక్క ప్రకారం రౌండు మారినప్పుడల్లా ఒక్కో సరైన ఊహకు 1, 2, 4, 8, 16, 32 పాయింట్లు వస్తాయి. మొదటి రౌండులో 32 మ్యాచ్‌లకు 32 పాయింట్లు, ఫైనల్ ఒక్కదానికే 32. కాబట్టి విజేతను సరిగ్గా ఎంచినవారు వెనుక నుంచి వచ్చి గెలవడం మామూలే. దీనికి తోడు, 16 జట్లు మిగిలిన దశలో 15 మ్యాచ్‌లకు మాత్రమే ఒక రెండో బ్రాకెట్ పెడితే, మొదట్లో ఆలస్యమైనవారు కూడా చేరతారు. 2024లో పదకొండో సీడ్ ఎన్‌సీ స్టేట్ ప్రాంతీయ ఫైనల్లో డ్యూక్‌ను 76-64 తేడాతో ఓడించి చివరి నాలుగు జట్లలో నిలిచింది. అలాంటి వారంలో ఇక్కడ ఎవరి బ్రాకెట్ ఎంత చెడిపోయినా మెయిల్‌బాక్సుల దగ్గర చర్చ ఆగదు. సమాన పాయింట్లు వస్తే ఎలా తేల్చాలో ముందే రాయాలి. ఫైనల్లో రెండు జట్ల మొత్తం స్కోరును ఊహించమనడం తేలిక పద్ధతి; 2025లో ఫ్లోరిడా 65-63తో హ్యూస్టన్‌ను ఓడించినప్పుడు ఆ మొత్తం 128.

అపోహ: మహిళల టోర్నమెంటును ఎవరు చూస్తారు?

వాస్తవం: 2024లో దక్షిణ కరోలైనా, అయోవా జట్ల మధ్య జరిగిన మహిళల ఫైనల్‌ను అమెరికాలో సుమారు 1.89 కోట్ల మంది చూశారు. అదే ఏడాది పురుషుల ఫైనల్‌కు 1.48 కోట్ల మంది. రెండు బ్రాకెట్లూ పెట్టాలి.

అపోహ: గొడవ ఉండకూడదంటే పిల్లలను పోటీలకు దూరంగా ఉంచాలి.

వాస్తవం: 1988 సవరణ తరువాత సమాఖ్య ఫెయిర్ హౌసింగ్ చట్టం పిల్లలున్న కుటుంబాల పట్ల వివక్షను నిషేధించింది. సముదాయంలోని సౌకర్యాలను, కార్యక్రమాలను సరైన కారణం లేకుండా "పెద్దలకు మాత్రమే" అనడం ఈ చట్టంతో తలపడడమే. బాస్కెట్‌బాల్ కోర్టులో ఫ్రీ త్రో (ఎవరూ అడ్డుకోకుండా గీత దగ్గర నిలబడి బంతిని రింగులో వేసే) పోటీ పెట్టినప్పుడు పెద్దలు 15 అడుగుల గీత దగ్గర నిలబడతారు, చిన్నవారికి గీతను ముందుకు జరుపుతాము. రింగు ఎత్తు 10 అడుగులు. ఎత్తు మార్చగల స్టాండు ఉంటే పిల్లలకు 8 అడుగులకు దించడం మేలు. చక్రాల కుర్చీలో వచ్చేవారికి కోర్టులోకి దారి ఉందో లేదో ముందు రోజే చూసుకోవాలి.

అపోహ: మనవాళ్లకు క్రికెట్ ఉంది, వాళ్లు రారు.

వాస్తవం: ఐపీఎల్‌కు ఫాంటసీ జట్లు కట్టేవారికి బ్రాకెట్ అర్థం కావడానికి పట్టే సమయం అయిదు నిమిషాలు. రాకపోవడానికి అసలు కారణం చాలాసార్లు తేదీలే. 2026లో ఉగాది మార్చి 19న, గురువారం, సరిగ్గా మొదటి రౌండు మొదలైన రోజునే వచ్చింది. ఆ సాయంత్రం వాచ్ పార్టీ (అందరూ కలిసి మ్యాచ్ చూసే కార్యక్రమం) పెట్టి తెలుగువారు ఎందుకు రాలేదని అనుకోవడం అన్యాయం. రంజాన్ ఉపవాసాలు కూడా ఆ రోజుల్లోనే ముగింపుకు వచ్చాయి. క్యాలెండరును ఫిబ్రవరిలోనే ముందు పెట్టుకుని కార్యక్రమాలను శుక్రవారానికో శనివారానికో జరపాలి. బల్ల మీద కోడి రెక్కలతో పాటు శాకాహార వంటకాలు విడిగా, వేరే గరిటెలతో ఉండాలి.

అపోహ: ఎవరింటి కేబుల్ పెట్టెనైనా తెచ్చి క్లబ్‌హౌస్ టీవీకి తగిలించవచ్చు.

వాస్తవం: ఇంటి కనెక్షన్ ఒప్పందాలు సాధారణంగా ఇంట్లో చూసుకోవడానికే అనుమతిస్తాయి. క్లబ్‌హౌస్‌కు తగిన కనెక్షన్ ఉండాలి, చూడడానికి రుసుము తీసుకోకూడదు. పురుషుల మ్యాచ్‌లు సీబీఎస్, టీబీఎస్, టీఎన్‌టీ, ట్రూటీవీ చానళ్లలో, మహిళలవి ఈఎస్‌పీఎన్, ఏబీసీలలో వస్తాయి కాబట్టి ఉన్న ప్యాకేజీలో ఏవి వస్తాయో ముందే సరిచూసుకోవాలి.

అపోహ: పాయింట్ల పట్టికలో పేరు, ఫ్లాటు నంబరు వేస్తే పారదర్శకంగా ఉంటుంది.

వాస్తవం: ఎవరు ఏ తలుపు వెనుక ఉంటారో గోడ మీద రాసి పెట్టడం భద్రత రీత్యా తప్పు. ప్రతి ఒక్కరూ ఎంచుకున్న మారుపేరు చాలు. అసలు పేర్ల జాబితా ఆఫీసులో ఉంటుంది. ఫొటోలు వేసే ముందు అనుమతి అడగాలి, పిల్లల విషయంలో తల్లిదండ్రులను అడగాలి.

అపోహ: ఈ వార్తలు అభిమానులకు మాత్రమే.

వాస్తవం: ఆట అక్కరలేనివారికే ముందు చెప్పాలి. పురుషుల ఫైనల్ సోమవారం రాత్రి, ఇక్కడి కాలమానం ప్రకారం తొమ్మిది గంటల ప్రాంతంలో మొదలై పదకొండు దాటాక ముగుస్తుంది. చాలా లీజుల్లో నిశ్శబ్ద వేళలు పదింటికే మొదలవుతాయి. మరుసటి ఉదయం పనికి వెళ్లే నర్సు గోడకు అవతలే నిద్రపోతుండవచ్చు. అందుకే ఏప్రిల్ సంచికలో ఫైనల్ తేదీ, క్లబ్‌హౌస్ మూసే వేళ, అతిథుల కార్లు నిలిపే చోటు, ఇబ్బంది కలిగితే ఫోన్ చేయవలసిన రాత్రి కాపలా నంబరు మొదటి పేజీలో వేస్తాము. పాయింట్ల పట్టిక రెండో పేజీలో ఉంటుంది.