చామనఛాయ, చర్మ క్యాన్సర్, ఫోను సందేశాలు: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో స్పానిష్ మాట్లాడే కుటుంబాలకు చర్మ క్యాన్సర్ గురించి ఫోను సందేశాలు రాసి పంపడం నా వృత్తి. ఈ కింది అపోహలు సామాన్యుల నోటే కాదు, వైద్యుల నోట, మా పనికి నిధులిచ్చేవారి నోట కూడా వింటుంటాను.

అపోహ: చామనఛాయ ఉన్నవారికి చర్మ క్యాన్సర్ రాదు.

తక్కువగా వస్తుంది, అంతే. జీవితకాలంలో మెలనోమా అనే ప్రమాదకరమైన చర్మ క్యాన్సర్ వచ్చే అవకాశం తెల్లవారిలో సుమారు 33 మందిలో ఒకరికి ఉంటే, హిస్పానిక్‌లలో (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవారిలో) 200 మందిలో ఒకరికి ఉందని అమెరికన్ క్యాన్సర్ సొసైటీ లెక్క. అయితే హిస్పానిక్‌లలో జబ్బు ముదిరాక బయటపడడం ఎక్కువ. ‘మనకు రాదులే’ అన్న ధీమా రోగికీ ఉంటుంది, పరీక్షించే డాక్టరుకూ ఉంటుంది. పైగా హిస్పానిక్‌లందరిదీ ఒకే రంగు కాదు. ఒకే ఇంట్లో ఎండకు కందిపోయే అక్క, ముదురు రంగు తమ్ముడు ఉంటారు.

అపోహ: ఎండ తగలని చోట భయం లేదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. ముదురు రంగు చర్మం గలవారికి వచ్చే మెలనోమాల్లో అరికాళ్ళు, అరచేతులు, గోళ్ళ కింద పుట్టే రకం వాటా ఎక్కువ. దీనికి ఎండతో పెద్దగా సంబంధం లేదు కాబట్టి సన్‌స్క్రీన్ దీన్ని ఆపలేదు. తొందరగా కనిపెట్టడమే మార్గం. గాయకుడు బాబ్ మార్లీకి 1977లో కాలి బొటనవేలిలో మెలనోమా బయటపడింది. 1981లో, 36 ఏళ్ళకే ఆయన కన్నుమూశారు.

అందుకే స్నానం చేశాక అరికాళ్ళు తిప్పి చూసుకోమని, వేళ్ళ సందులు వదలొద్దని రాస్తాను. చామనఛాయవారి గోళ్ళ మీద నల్లని చారలు చాలాసార్లు మామూలువే. కానీ ఒక్క గోరుకే కొత్తగా చార వచ్చి వెడల్పవుతున్నా, ఆ నలుపు గోటి మొదట్లోని చర్మంలోకి పాకుతున్నా చర్మవైద్యుడికి వెంటనే చూపించాలి. దెబ్బ తగిలి రక్తం గడ్డకట్టిందనుకుని నెలల తరబడి ఊరుకోవద్దు. తెలుగువారికీ ఇదే మాట.

అపోహ: ఇంగ్లీషు సందేశాన్ని స్పానిష్‌లోకి మార్చి పంపితే చాలు.

ఇంగ్లీషు ప్రచారం చాలావరకు సముద్రతీరాన ఎండ కాగేవారిని ఉద్దేశించింది. నా సందేశం అందుకునే మనిషి ఫ్లోరిడా టమాటా తోటలోనో, టెక్సస్‌లో ఇంటి పైకప్పు మీదో ఉంటాడు. ‘ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా నీడన ఉండండి’ అంటే అతను పని మానుకోవాలా? మెడ వెనక భాగాన్ని కప్పే టోపీ, పొడుగు చేతుల చొక్కా, భోజన విరామంలో మళ్ళీ సన్‌స్క్రీన్ అంటే అతనికి పనికొస్తుంది.

ఇంకో చిక్కుంది. ఎస్‌ఎంఎస్‌కు 160 అక్షరాలు పడతాయి. స్పానిష్‌లో కొన్ని అచ్చుల మీద వాలుగీత ఉంటుంది. é తప్ప అలాంటి అక్షరం ఒక్కటి చేరినా పరిమితి 70కి పడిపోతుంది. తెలుగు ఎస్‌ఎంఎస్‌కూ ఇదే పరిమితి. అప్పుడు సందేశం ముక్కలై ఖర్చు పెరుగుతుందని కొందరు ఆ గీతలు తీసేసి పంపుతారు. నేను ఒప్పుకోను. తప్పుల భాషలో వచ్చిన ఆరోగ్య సలహా మోసగాళ్ళ సందేశంలా కనిపిస్తుంది. గీతలు ఉంచి మాటలే తగ్గిస్తాను.

అపోహ: రోజూ పంపితే విసుగే తప్ప ఫలితం ఉండదు.

2009లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో 70 మందికి సన్‌స్క్రీన్ ఇచ్చి, మూత తీసినప్పుడల్లా నమోదయ్యే పరికరం అమర్చారు. సగం మందికి ఆరు వారాలపాటు రోజూ ఆనాటి వాతావరణంతో పాటు సన్‌స్క్రీన్ గుర్తుచేసే సందేశం పంపారు. వాళ్ళు 56 శాతం రోజులు రాసుకుంటే, సందేశాలు అందనివారు 30 శాతం రోజులే రాసుకున్నారు. ఆ ప్రయోగం హిస్పానిక్‌ల మీద ప్రత్యేకంగా చేసింది కాదు కాబట్టి అదే ఫలితం ఇక్కడా వస్తుందని నేను మాటివ్వను. అనుమతి తీసుకునే పంపాలి, వద్దన్న మరుక్షణం ఆపాలి. ఆ ‘వద్దు’ స్పానిష్‌లో చెప్పినా చెల్లాలి.

మబ్బు రోజున సన్‌స్క్రీన్ అక్కర్లేదన్నది కూడా అపోహే. పల్చటి మబ్బుల్లోంచి అతినీలలోహిత కిరణాలు చాలావరకు దిగుతాయి.

అపోహ: సందేశం పంపడంతో మన పని అయిపోయింది.

మచ్చ చూసుకోమన్నాం, అనుమానం పుట్టింది. బీమా లేని కూలీ ఎక్కడికి వెళ్ళాలి? ప్రభుత్వ సాయంతో నడిచే సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో ఆదాయాన్ని బట్టి రుసుము తీసుకుంటారు, కానీ ఆ సంగతి చాలామందికి తెలియదు. మచ్చల గురించి పంపే ప్రతి సందేశంలో దగ్గరలోని అలాంటి కేంద్రం ఫోను నంబరు ఉండాలి. ఆ నంబరులో స్పానిష్ మాట్లాడే మనిషి ఉన్నారో లేదో ముందు మనమే ఫోను చేసి కనుక్కోవాలి.