కలివి ముల్లు ఎందుకు ఊడిరాదు?

ఉదయగిరి వైపు నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "మేం కలివికాయ అంటాం, నెల్లూరులో వాక్కాయ అంటారు. రెండూ ఒకటేనాండీ?" దాదాపు ఒకటే. తోటల్లో పెంచే పెద్దకాయ రకం కరిస్సా కరండాస్, కొండవాలు పొదల్లో పెరిగే చిన్నకాయ రకం కరిస్సా స్పైనారమ్. ఊరిని బట్టి పేర్లు తారుమారవుతుంటాయి. 1900 తర్వాత కనిపించకుండాపోయి 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికిన కలివికోడి అనే పక్షికి కూడా ఈ పొద పేరే. సరే, పేరు సంగతి ఇంతే. నా ధ్యాసంతా దాని ముల్లు మీద.

గులాబీ ముల్లును బొటనవేలితో పక్కకు నెట్టండి, టక్కున ఊడుతుంది. అది తొక్క మీద లేచిన బుడిపె. తుమ్మ ముల్లు ఆకు మొదట్లో ఉండే పత్రపుచ్ఛాలు మారి వచ్చింది. కలివి ముల్లు అలా ఊడదు. పట్టుబట్టి లాగితే బెరడుతో సహా చీలుకొస్తుంది, ఆ గాయంలోంచి పాలు కారి వేళ్ళు జిగటవుతాయి. ఎందుకంటే అది కొమ్మ. చాకుతో నిలువునా కోసి చూడండి, కాండంలోని కట్టె నేరుగా ముల్లులోకి సాగి ఉంటుంది. ఇంకా నమ్మకం కుదరకపోతే కరండాస్ పొదను వెతకండి. కొన్ని ముళ్ళు చివర మళ్ళీ రెండుగా చీలి ఉంటాయి. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదన్నట్టు, ముల్లయ్యాక కూడా శాఖ వేయడం మానలేదు!

బడిలో "ముళ్ళు రక్షణ కోసం" అని ఒక్క ముక్కతో సరిపెడతారు. అసలు ఆశ్చర్యం వేరే. కొమ్మ కొనలో విభజన ఆపని కణాలుంటాయి, దాన్నే విభాజ్య కణజాలం అంటారు. అది పనిచేసినన్నాళ్ళూ కొమ్మ సాగుతుంది. ముల్లులో ఆ కణాలు విభజన మానేసి, గోడలకు కట్టెను గట్టిపరిచే లిగ్నిన్ పట్టించుకుని బిగుసుకుపోతాయి. ఇలా కొమ్మను ముల్లుగా మార్చే స్విచ్ నిమ్మజాతి చెట్లలో దొరికింది. 2020లో వెలువడిన పరిశోధన ప్రకారం టీఐ1, టీఐ2 అనే రెండు జన్యువులు, విభాజ్య కణాలను నిలబెట్టే వుషెల్ జన్యువును అణిచేస్తాయి. ఆ రెంటినీ చెడగొడితే ముల్లు రావలసిన చోట కొమ్మ వచ్చింది.

పొదలకూరు నిమ్మతోటలో కాయలు కోసే ఒకామెకు ఈ సంగతి చెప్పాను. గీరుకుపోయిన మోచేతులు చూపించి, "అట్టాంటి చెట్టు మా రైతుకు ఎప్పుడిస్తారు సార్?" అంది.