‘గుర్తు’కి ఇంగ్లీషులో ఏ మాట? అపోహలు - వాస్తవాలు

తిరుపతి బాలాజీ కాలనీలో పన్నెండేళ్లుగా స్పోకెన్ ఇంగ్లీష్ చెబుతున్నాను. లాడ్జీల రిసెప్షన్‌లో, ట్రావెల్స్‌లో పనిచేసే పిల్లలు, యూనివర్సిటీ విద్యార్థులు వస్తుంటారు. అందరూ ఎక్కువగా తడబడేది రెండు చోట్ల: జరిగిపోయినదాన్ని తలుచుకోవడం గురించి చెప్పేటప్పుడు, ఆలోచించడం గురించి చెప్పేటప్పుడు.

అపోహ: తెలుగులో ఆలోచిస్తే ఇంగ్లీషు రాదు.

ఈ మాట నమ్మి నోరు కట్టేసుకున్న పిల్లల్ని చూస్తే నాకు బాధేస్తుంది. ‘గుర్తు’ పక్కన ఏ క్రియ ఉందో ఒక్కసారి చూసుకోండి. గుర్తుంది, గుర్తొచ్చింది అంటే రిమెంబర్. పనిగట్టుకుని గుర్తు చేసుకుంటే రీకాల్. ఇంకొకరికి గుర్తు చేస్తే రిమైండ్. మా వైపు పెద్దవాళ్లు ‘మతికి రాలేదు’ అన్నా అదే లెక్క. తేడా మన నోట్లో ముందునుంచే ఉంది.

లాడ్జీలో పనిచేసే ఒక అబ్బాయి, మర్నాడు గుర్తు చేయమని మేనేజర్‌ని అడగబోయి “రిమెంబర్ మీ టుమారో” అన్నాడు. అంటే ‘రేపు నన్ను తలుచుకోండి’ అని. “రిమైండ్ మీ టుమారో” అనాలి. తెలుగులో ‘గుర్తు చేయండి’ అన్నప్పుడు ఆ ‘చేయండి’ మీద మనసు పెట్టు నాయనా అని చెప్పాను. మళ్లీ తప్పలేదు.

అపోహ: రిమెంబర్ తర్వాత ‘టు’ పెట్టినా, ‘ఇంగ్’ పెట్టినా ఒకటే.

అర్థమే మారిపోతుంది. తిరుమలలో దర్శనం క్యూలోకి వెళ్లేముందు ఫోన్ కౌంటర్‌లో ఇచ్చి టోకెన్ తీసుకుంటాం కదా. “ఐ రిమెంబర్డ్ టు టేక్ ద టోకెన్” అంటే మర్చిపోకుండా తీసుకున్నాను అని. “ఐ రిమెంబర్ టేకింగ్ ద టోకెన్” అంటే తీసుకున్నట్టు గుర్తుంది అని. దర్శనమయ్యాక కౌంటర్ ముందు నిలబడి జేబులన్నీ తడుముకునే మనిషి చెప్పేది ఈ రెండోదే.

అపోహ: ఇంటర్వ్యూలో రిమెంబర్ బదులు రీకలెక్ట్ అంటే బాగుంటుంది.

రీకలెక్ట్‌లో కలెక్ట్ ఉంది. చెదిరిపోయినవాటిని మళ్లీ ఏరుకుంటున్నట్టు, కాస్త కష్టపడి గుర్తు తెచ్చుకోవడం. సొంత డిగ్రీ మార్కులకి ఆ మాట వాడితే వినేవాళ్లకి అనుమానం వస్తుంది.

అపోహ: రూమినేట్ అంటే నెమరువేయడం. కాబట్టి పాత జ్ఞాపకాలు నెమరువేసుకోవడం కూడా రూమినేటే.

దీని దగ్గర కాస్త ఆగాలి. ఒక టీచరమ్మ రిటైర్మెంట్ సభ కోసం స్పీచ్ రాసుకొచ్చి నాకు చూపించారు. “లెట్ అజ్ రూమినేట్ ఆన్ అవర్ స్కూల్ డేస్” అని ఉంది. నిఘంటువు ప్రకారం తప్పు పట్టలేం. లాటిన్‌లో ఆ మాటకి నెమరువేయడం అనే అర్థం. ఆవు కడుపులో మొదటి, పెద్ద గదికి రూమెన్ అనే పేరు. ఆవు గడ్డి గబగబా మింగేసి, తర్వాత తీరిగ్గా పైకి తెచ్చుకుని నములుతుంది. రోజులో ఏడెనిమిది గంటలు దానికి అదే పని.

రెండు భాషలూ చూసింది ఆ ఆవునే. మనకు చెట్టు నీడన కళ్లు అరమోడ్చి నమిలే ఆవు కనబడింది, అందుకే నెమరువేసుకోవడంలో రుచి ఉంది, తృప్తి ఉంది. ఇంగ్లీషువాళ్లు తిప్పి తిప్పి నమలడాన్ని పట్టుకున్నారు. రూమినేట్ అంటే ఒకే విషయాన్ని వదలకుండా ఆలోచించడం. ఈ రోజుల్లో ఎక్కువగా దిగులుతో ఆలోచించడానికే వాడుతున్నారు. మనస్తత్వ శాస్త్రంలో రూమినేషన్‌కి అదే అర్థం. 1989లో కాలిఫోర్నియాలో భూకంపం వచ్చాక సుసాన్ నోలెన్-హోక్సెమా అనే మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్‌ఫర్డ్ విద్యార్థులను గమనించి, బాధనే తవ్వుకుంటూ కూర్చునే అలవాటున్నవాళ్లలో డిప్రెషన్ లక్షణాలు ఎక్కువని 1991లో ప్రచురించారు.

మన తీపి నెమరుకి ఇంగ్లీషులో సరైన మాట రెమినిస్. చివర ‘నైస్’ కాదు, ‘నిస్’. దేని గురించో చెప్పాలంటే వెనక ‘అబౌట్’ పెట్టాలి. టీచరమ్మ స్పీచ్‌లో “లెట్ అజ్ రెమినిస్ అబౌట్ అవర్ స్కూల్ డేస్” అని మార్చాం.

అపోహ: ఆలోచించడానికి సంబంధించిన మాటలన్నిటికీ ‘అబౌట్’ తగిలించాలి.

థింక్‌కి సరే. కన్సిడర్‌కి వద్దు. “కన్సిడర్ మై లీవ్” చాలు. ‘ఆలోచించి చెప్తాను’ అన్నదానికి “ఐ విల్ థింక్ ఇట్ ఓవర్”. ‘ఇట్’ మధ్యలోనే రావాలి, చివరికి పోకూడదు. పాండర్ అంటే తూచి తూచి ఆలోచించడం, లాటిన్‌లో దాని మూలానికి బరువు అని అర్థం. బ్రూడ్ అంటే కోడి గుడ్లను పొదగడం. కోడి గుడ్ల మీదనుంచి లేవనట్టు మనిషి ఒక దిగులు మీదే కూర్చుంటే అదీ బ్రూడే.

ఇంకొక్కటి. “రిమెంబర్ మీ” అన్న ఆ అబ్బాయే మొన్న పరుగున వచ్చాడు. లాడ్జీలో దిగిన ఒక ఇంగ్లండ్ పెద్దావిడకి వాళ్లమ్మ చేసిన రాగి సంగటి, వేరుశనగ చట్నీ తెచ్చి పెట్టాడట. వెళ్తూ వెళ్తూ ఆవిడ “రిమెంబర్ మీ టు యువర్ మదర్” అన్నారట. “రిమైండ్ అనాలి కదా సార్, ఆవిడ తప్పు మాట్లాడారా?” అని అడిగాడు. తప్పు కాదు. కొంచెం పాతకాలపు మర్యాద మాట. మన వాడుకలో చెప్పాలంటే, ‘మీ అమ్మను అడిగానని చెప్పు’.