ఒక గుర్రం, ఐదు గాడిదలు

చిన్నూ, బుజ్జీ,

పోపుగారికి చేయి ఊపడం తప్ప వేరే పనేమీ ఉండదా తాతయ్యా అని మొన్న అడిగారు కదా, ఫోన్లో చెబితే సగంలో పారిపోతారని రాస్తున్నా.

గ్రెగరీ అని ఒకప్పటి పోపు, 540 ప్రాంతంలో రోములో బాగా కలిగిన ఇంట్లో పుట్టాడు. రోము నగరం మొత్తానికీ పెద్ద అధికారిగా పనిచేసి, అదంతా వదిలేసి, అక్కడే కేలియన్ కొండ మీదున్న సొంత ఇంటినే మఠం చేసి సన్యాసుల్లో కలిసిపోయాడు. 589లో టైబర్ నదికి వరదొచ్చి చర్చి ధాన్యపు కొట్లు కూలిపోయాయి, వెనకే ప్లేగు, అందులో అప్పటి పోపు కూడా పోయాడు. జనం గ్రెగరీనే కావాలన్నారు. ఈయనేమో నాకొద్దు మహాప్రభో, ఒప్పుకోకండి అని కాన్‌స్టాంటినోపుల్లో ఉన్న చక్రవర్తికి ఉత్తరం రాస్తే, నగరాధికారి దాన్ని దారిలోనే పట్టేసుకున్నాడట! 590 సెప్టెంబర్ 3న పీఠం ఎక్కక తప్పలేదు.

ఎక్కాక చూస్తే పని పూజలొక్కటే కాదు. ఊళ్ళో ఆకలి, బయట లాంబర్డుల సైన్యం (ఇటలీ మీదికి దండెత్తి వచ్చిన ఒక జర్మన్ తెగ). వాళ్ళతో సంధి మాటలు కూడా ఈయనే మాట్లాడాల్సి వచ్చింది. చర్చి పొలాలేమో ఎక్కువగా ఇటలీకి దక్షిణాన ఉన్న సిసిలీ దీవిలో, తిండిగింజలు అక్కణ్ణించి ఓడల్లో రావాలి. అందుకని కూర్చుని ఉత్తరాలు రాయించేవాడు, 800 పైచిలుకు ఇప్పటికీ ఉన్నాయి. రైతుల దగ్గర గింజలు కొలిచేటప్పుడు పెద్ద కుంచం పెట్టి దగా చేయొద్దని ఒకదాంట్లో గట్టిగా చెప్పాడు. నాకు బాగా నచ్చింది మాత్రం సిసిలీలో లెక్కలు చూసే పీటర్‌కి రాసింది: నువ్వు ఒక పనికిరాని గుర్రాన్నీ ఐదు మంచి గాడిదల్నీ పంపావు, గుర్రం ఎక్కుదామంటే అది బాగాలేదు, గాడిదలు ఎక్కుదామంటే అవి గాడిదలాయె! అంత టెన్షన్‌లోనూ ఆ వెటకారం చూడండి.

596లో ఇంగ్లండుకు అగస్టీన్ అనే సన్యాసిని మతప్రచారానికి పంపింది కూడా ఈయనే. అక్కడి గుళ్ళు కూల్చొద్దు, విగ్రహాలు తీసేసి వాటినే చర్చీలుగా వాడుకోండి అని తర్వాత కబురంపాడు. తెలివైన ఏర్పాటే గానీ, ఆ విగ్రహాలకు మొక్కుకున్నవాళ్ళకి ఎలా ఉండేదో మీరే ఆలోచించండి.

చివర్లో కీళ్ళవాతంతో మంచం పట్టాడు. పండగ రోజున కూడా మూడు గంటలు లేచి ఉండటం కష్టమైపోయింది. 604 మార్చి 12న పోయాడు. అంతకు కొద్దిగా ముందు రాయించిన ఉత్తరాల్లో ఒకటి, చలికి వణుకుతున్న ఒక బిషప్పుకు వెచ్చటి అంగీ పంపడం గురించి.

మీ తాతయ్య