సెల్యులార్ జైలు: ఏడు వింగుల్లో మూడే ఎందుకు మిగిలాయి?

అండమాన్ వెళ్లి సెల్యులార్ జైలు చూడకుండా తిరిగొచ్చేవాళ్లు అరుదు. మధ్యలో కావలి బురుజు, దాని చుట్టూ బండి చక్రం ఆకుల్లా ఏడు వింగులు అని చదువుకుని వెళ్తాం. తీరా చూస్తే నిలబడి ఉన్నవి మూడే. మిగతా నాలుగింటి సంగతి తెలియాలంటే ముందు ఈ జైలు ఎందుకు కట్టారో తెలియాలి.

1857 తిరుగుబాటును అణిచేశాక, 1858 మార్చిలో 200 మంది ఖైదీలను తెల్లవాళ్లు ఇక్కడ దించారు. హైదరాబాద్‌లో కోఠి రెసిడెన్సీ మీద దాడి నడిపిన మౌల్వీ అల్లావుద్దీన్‌కు కూడా ద్వీపాంతర శిక్షే పడింది, ఆయన ఇక్కడే కన్నుమూశారు. అప్పటికి ఈ జైలు లేదు. ఖైదీలు పగలంతా అడవి కొట్టేవాళ్లు, రోడ్లు వేసేవాళ్లు. 1872లో వైస్రాయి లార్డ్ మేయోను షేర్ అలీ అనే ఖైదీ పొడిచి చంపగలిగాడంటే, జనం మధ్య తిరిగే వెసులుబాటు ఉండబట్టే. 1890లో పరిశీలనకు వచ్చిన బ్రిటిష్ అధికారులు లయాల్, లెత్‌బ్రిడ్జ్‌లకు ఇంకో చిక్కు కనిపించింది. స్వదేశపు జైళ్లకంటే అండమానే నయమని కొందరు ఖైదీలు అనుకుంటున్నారట! శిక్షకు మళ్లీ భయం పుట్టించాలంటే మొదట కొన్ని నెలలు ఒంటరిగా బంధించాలని వాళ్లు సిఫారసు చేశారు.

అలా 1896లో మొదలై 1906లో పూర్తయింది ఈ జైలు. కట్టిందీ ఖైదీలే. మూడంతస్తులు, దాదాపు 700 సెల్స్. ఒక్కొక్కటి సుమారు పదమూడున్నర అడుగుల పొడవు, ఏడు అడుగుల వెడల్పు. ఒక వింగ్ ముఖం పక్క వింగ్ వీపు వైపు ఉంటుంది కాబట్టి ఎదురుగా మనిషి కనిపించే అవకాశమే లేదు. వెళ్లినవాళ్లు తలుపు గడియను కాస్త ఆగి చూడాలి. పొడవాటి ఇనుప కమ్మీ తలుపు దాటి గోడలోని గూటి దాకా వెళ్తుంది, తాళం అక్కడ పడుతుంది. ఊచల్లోంచి చెయ్యి ఎంత చాచినా అందదు. ఇక్కడి అమానుషం నాకు ఉరికంబం దగ్గరకంటే ఈ గడియలోనే బాగా అర్థమవుతుంది.

1909 నుంచి అలీపూర్ బాంబు కేసులో శిక్షపడిన బెంగాల్ విప్లవకారులు వచ్చారు. కొబ్బరి గానుగ తిప్పి రోజుకు 30 పౌన్ల నూనె తియ్యాలి, తగ్గితే శిక్ష. 1912లో ఇందుభూషణ్ రాయ్ తన సెల్‌లోనే ఉరేసుకున్నాడు. ఉల్లాస్కర్ దత్‌కు మతి చలించింది. మన మన్యం నుంచీ వెళ్లారు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి వచ్చి, 1952లో తొలి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఆ సంగతి మనవాళ్లలోనే చాలామందికి తెలీదు.

1933 మేలో నిరాహార దీక్ష చేస్తున్నవాళ్లకు బలవంతంగా పాలు పట్టించబోతే మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మైత్రా ప్రాణాలు కోల్పోయారు. 1937లో మళ్లీ దీక్ష. దేశమంతా గొడవయ్యాక, 1938 మొదట్లోకల్లా రాజకీయ ఖైదీలందరినీ వెనక్కి పంపించేశారు.

ఇక భవనం కథ. 1941 భూకంపం దాన్ని గట్టిగానే దెబ్బతీసింది. 1942 మార్చిలో దీవులను ఆక్రమించిన జపాన్ సైన్యం కొంత కూల్చి, ఆ ఇటుకలను బంకర్లకు వాడుకుంది. వాళ్లూ దీన్ని జైలుగానే నడిపారు. పంజాబీ కవి డాక్టర్ దీవాన్ సింగ్‌ను ఇక్కడే చిత్రహింసలు పెట్టారు, 1944 జనవరిలో ఆయన చనిపోయారు. విచిత్రమేమిటంటే, అంతకు కొద్ది రోజుల ముందే నేతాజీ ఈ జైలున్న పోర్ట్‌బ్లెయిర్‌కు వచ్చి జెండా ఎగరేశారు.

స్వాతంత్ర్యం వచ్చాక మిగిలినదాంట్లో ఇంకొంత తెల్లవాళ్లు కాదు, మనమే కూల్చాం. ఆ జాగాలో 1963లో గోవింద వల్లభ పంత్ ఆసుపత్రి వచ్చింది. ఊరికి ఆసుపత్రి అవసరమే, కాదనలేం. కానీ అడ్డుపడినవాళ్లు లేకపోతే ఈ మూడు వింగులు కూడా దక్కేవి కావు. ఆ అడ్డుపడినవాళ్లు ఒకప్పుడు ఇక్కడ శిక్ష అనుభవించినవాళ్లే. తమను బంధించిన గోడలను పడగొట్టొద్దని సంఘం కట్టి ప్రభుత్వాల చుట్టూ తిరిగారు. చివరికి 1979 ఫిబ్రవరి 11న ప్రధాని మొరార్జీ దేశాయ్ దీన్ని జాతీయ స్మారకంగా జాతికి అంకితం చేశారు.

అక్కడితో గొడవ సద్దుమణగలేదు. 1911 నుంచి 1921 దాకా ఇక్కడున్న సావర్కర్ మాటలతో పెట్టిన ఫలకాన్ని 2004లో తీసేశారు, ప్రభుత్వం మారాక మళ్లీ పెట్టారు. ఆయన క్షమాభిక్ష అర్జీల మీద వాదన ఇప్పటికీ నడుస్తూనే ఉంది. సందర్శకుల్లో ఎక్కువమంది నేరుగా ఆయన సెల్ ఎక్కడని అడిగి, అక్కడ ఫొటో దిగి వచ్చేస్తారు. కావలి బురుజులో రాష్ట్రాలవారీగా ఖైదీల పేర్లు చెక్కిన పాలరాతి ఫలకాలు ఉన్నాయి. వాటి దగ్గర రద్దీ ఉండదు, తీరిగ్గా చదువుకోవచ్చు.