తొలి టాకీ కామెడీలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: 1929-31 నాటి హాలీవుడ్ కామెడీలు నత్తనడక.

వాస్తవం: జోకు పడ్డాక నటులు ఒక్క క్షణం ఊరకుండేది కావాలనే. నిండు హాల్లో నవ్వుల హోరుకి తర్వాతి మాట మునిగిపోకూడదుగా! ఒంటరిగా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూస్తే ఆ జాగా బోసిగానే ఉంటుంది. నలుగురిని పోగేసి చూడండి. స్పీడు మాత్రం పెంచొద్దు. జోకు విన్నవాడి మొహం మెల్లగా మారడంలోనే సగం హాస్యం ఉంది.

అపోహ: కెమెరా కదపడం వాళ్లకి రాదు.

వాస్తవం: మూకీల కాలం చివర్లో కెమెరా బ్రహ్మాండంగా తిరిగింది. టాకీలొచ్చాక దాని గరగర మైకుకి చిక్కుతోందని అద్దం బిగించిన గదిలో పెట్టి మూసేశారు. ఆ మైకు కాగితం చప్పుడునీ వదల్లేదు. ‘ది కోకోనట్స్’ (1929)లో హాస్యనటులు మార్క్స్ సోదరులు పటం విప్పే సీను చూడండి. కాగితాన్ని నీళ్లలో తడిపి వాడారు, అందుకే తడిగుడ్డలా వేలాడుతుంది. తెలిశాక ఆ సీను ఇంకోసారి నవ్విస్తుంది.

అపోహ: తెరమీద నటుల తలలు అంచున తెగడం కెమెరామన్ చేతగానితనం.

వాస్తవం: చాలాసార్లు తప్పు కాపీది. ఫిల్ము అంచున శబ్దపట్టీ చేరడంతో బొమ్మ దాదాపు చతురస్రమైంది, వెడల్పు, ఎత్తుల నిష్పత్తి సుమారు 1.19:1. 1932లో 1.37:1 ప్రమాణమైంది. పాత బొమ్మని అందులో నింపాలంటే పైనా కిందా కోయాల్సిందే. టైటిల్ కార్డులో పై వరుస అక్షరాలు అంచుకి రాసుకుంటుంటే ఇంకో కాపీ వెతకండి.

అపోహ: పెదాలకీ మాటకీ పొంతన లేకపోవడం ఆ కాలపు లోపం.

వాస్తవం: శబ్దాన్ని ఫిల్ము మీద కాక విడిగా డిస్కు మీద వినిపించే వైటాఫోన్ పద్ధతిలో రీలుకో 16 అంగుళాల డిస్కు, సుమారు 11 నిమిషాలు. ఫిల్ము తెగితే పోయినన్ని ఫ్రేముల నల్ల ఫిల్ము అతకాలి, లేదంటే ఆ రీలు చివరిదాకా తేడాయే. మీ ఫైల్లో తేడా ఉంటే తలుపు దబ్బున పడే షాటు దగ్గర సరిచూడండి. విండోస్‌లో వీఎల్‌సీ ప్లేయర్ వాడితే జె, కె మీటలు నొక్కిన ప్రతిసారీ శబ్దం 50 మిల్లీసెకన్లు జరుగుతుంది, ఫ్రేము కన్నా కాస్త ఎక్కువ.

అపోహ: జోకు మధ్యలో తెగిందంటే ఎడిటింగ్ చెత్త.

వాస్తవం: సినిమాల్లో ఏం చూపొచ్చో, ఏం అనొచ్చో చెప్పే హాలీవుడ్ నియమావళి ప్రొడక్షన్ కోడ్ 1934 జులై నుంచి గట్టిగా అమలైంది. ఆ తర్వాత పాత సినిమాలు మళ్లీ విడుదలైనప్పుడు ఘాటు మాటలకి కత్తెర పడింది. ‘యానిమల్ క్రాకర్స్’ (1930)కీ 1936లో అదే గతి. తొలి విడుదల పొడవు అడుగుల్లో దొరికితే 90తో భాగించండి, నిమిషానికి 90 అడుగుల ఫిల్ము నడుస్తుంది. 7,200 అడుగులంటే 80 నిమిషాలు. మీ కాపీ 77 దగ్గర ఉంటే కంగారొద్దు, సెకనుకి 24కి బదులు 25 ఫ్రేములతో నడుస్తోందేమో చూడండి. 70 ఉంటే మాత్రం కోత పడినట్టే.